మెడదాకా చుట్టిన గుడ్డ

బిపోసో,
3 ఫిబ్రవరి 1988

డాక్టరమ్మా బిరాగో,

ఈ ఉత్తరాన్ని ట్రోట్రో వ్యాను నడిపే ఒపోకు చేతికిచ్చి కుమాసి పంపుతున్నాను. నీ చేతిలో పెట్టేదాకా కల్లు ముట్టనని ఒట్టు పెట్టాడు. వాడి ఒట్టు సంగతి నీకూ తెలుసు కాబట్టి తోడుగా ఒక అరటిగెల కూడా ఎక్కించాను. ఉత్తరం మరిచిపోయినా గెల చూసి గుర్తు తెచ్చుకుంటాడు.

మీ నాన్న రెండో భార్య అడ్వొవా మాను కొడుకు బాఫో పోయాడు. సోమవారం పొద్దున వాగులో బోర్లా తేలాడు. పడిపోయాడో, ఎవరైనా తోశారో తెలియదు. వాడి కోకో తోటలో పనిచేసే ఇద్రిసును పోలీసులు పట్టుకుపోయారు. ఆదివారం తోటలో ఎవరో అరుచుకోవడం వినిపించిందట. శవాన్ని మీ ఆసుపత్రికే తెస్తున్నారు.

సొంతవాళ్ళ శవాన్ని కోయకూడదని మీ చదువులో ఒక నియమం ఉందని ఎప్పుడో చెప్పావు. మేజిస్ట్రేటు అడుగుతాడు, వాడు నీకేమవుతాడని. ఏమీ కాడని చెప్పు. మనిషికి నెత్తురు తల్లి నుంచి వస్తుంది. తండ్రి ఒక పేరు పెడతాడు, అంతే. మీ నాన్న ఆ పేర్లయినా ఒకదానితో ఒకటి కలిసేలా పెట్టాడా? బాఫో వాళ్ళ అమ్మ వంశం సొత్తు. నువ్వూ నీ తమ్ముడు అద్దాయీ మా అక్క కడుపున పుట్టారు, అంటే నా సొత్తు. కాబట్టి నువ్వే చూడు. అక్రా నుంచి ఇంకో డాక్టరు వచ్చేదాకా ఆ పిల్లాణ్ణి మంచులో పడుకోబెట్టకు. వాళ్ళమ్మ ఏడుపు వినలేకపోతున్నాం.

మీ అమ్మ బాగుంది. నీ ఉత్తరాలు నేనే చదివి వినిపిస్తున్నాను. నన్ను తిట్టిన చోట్ల దాటేస్తున్నాను.

అద్దాయికే ఒంట్లో బాగాలేదు. ఆదివారం నుంచి జ్వరమని నా ఇంట్లోనే పడుకున్నాడు. ఫూఫూ పెడితే ముద్ద మింగడం లేదు. రేపు నా తర్వాత వంశపెద్ద పీట మీద కూర్చోవాల్సినవాడు ఇలా నీరసపడితే ఎలా?

నీ మేనమామ,
అటకోరా


కుమాసి,
9 ఫిబ్రవరి

మామయ్యకు,

గెల వచ్చింది. ఉత్తరం దాని వెనకాల వచ్చింది. ఒపోకు ఆ రెంటి వెనకాల తూలుతూ వచ్చాడు.

మేజిస్ట్రేటు అడిగారు. చుట్టం కాడన్నాను. చెప్పేటప్పుడు తడబడలేదు. మన ఊళ్ళో చంటిపిల్లాణ్ణి అడిగినా అదే చెబుతాడు. బల్ల దగ్గర దుప్పటి తీశాక మాత్రం కాసేపు పని మొదలుపెట్టలేకపోయాను. పై పెదవి అచ్చం నాన్నదే. నాన్న సైకిలు ముందు కడ్డీ మీద వాణ్ణి, వెనక నన్ను కూర్చోబెట్టుకుని తోటకు తీసుకెళ్ళేవాడు. గతుకు వచ్చినప్పుడల్లా వాడు గట్టిగా నవ్వేవాడు. ఆ నవ్వు గుర్తొచ్చింది.

మీరు అడుగుతారు కాబట్టి చెబుతున్నాను. ఊపిరితిత్తుల్లో నీళ్ళు లేవు. వాగు మట్టి లేదు. నీళ్ళలో పడకముందే ప్రాణం పోయింది. ఎవరో ఎదురుగా నిలబడి, రెండు చేతులతో మెడ పిసికారు. గొంతులోని చిన్న ఎముక విరిగింది. అది మొహం చూస్తూ చేసే పని మామయ్యా. చాలాసేపు చూస్తూ ఉండాలి.

అడ్వొవా మాను వచ్చి మార్చురీ బయట నేల మీద కూర్చుంది. ఆమెను ఒకటి అడిగాను. ఒళ్ళోని గుడ్డ మడతలు సరిచేసుకుంది. తర్వాత తల ఊపింది. అది మా ఇద్దరి మధ్య మాట. శుక్రవారం శవాన్ని ఇచ్చేస్తాను.

రిపోర్టు ఇంకా రాయలేదు. ఒక చోట కలం ఆగిపోయింది. అద్దాయికి జ్వరం ఎలా ఉంది? వాడి మొహం మీద గానీ చేతుల మీద గానీ గోటి గీతలు ఉన్నాయేమో చూసి రాయండి.

మీ బిరాగో


బిపోసో,
16 ఫిబ్రవరి

డాక్టరమ్మకు,

బాఫోను శనివారం పూడ్చాం. మనకేమీ కాకపోయినా వంశపెద్దగా వెళ్ళాను, సారా సీసా పట్టుకెళ్ళి, పోయిన పెద్దల పేరు చెప్పి నేల మీద పోసి రెండు మంచి మాటలు చెప్పాను. డప్పులు బాగా కొట్టారు. భోజనంలో ఉప్పు లేదు. శవాన్ని చూసి మాత్రం ఆశ్చర్యపోయాను. గడ్డం దాకా గుడ్డ చుట్టి పడుకోబెట్టారు, వాడికేదో చలేస్తున్నట్టు. మెళ్ళో గొలుసు వేద్దామని వాడి మేనత్త ముందుకొస్తే అడ్వొవా మాను చెయ్యి పట్టుకుని ఆపేసింది. "నా బిడ్డను ముట్టుకోకండి, కట్టింది కట్టినట్టే పోనీ" అంది. ఆడవాళ్ళందరూ నోరెళ్ళబెట్టారు.

నువ్వామెను ఏదో అడిగావట. ఎవరి మీద అనుమానమని అడిగావని ఊళ్ళో అనుకుంటున్నారు. డాక్టరు పని శవాన్ని అడగడం, తల్లిని అడగడం కాదు. ఆ పని పోలీసులకు వదిలెయ్. ఇద్రిసు స్టేషన్లో ఒప్పుకున్నాడట, నేనే తోశానని. వాడి ఒళ్ళు చూసినవాళ్ళు అంటున్నారు, ఆ దెబ్బలకు మన వాగును కూడా నేనే తవ్వానని ఒప్పుకుని ఉండేవాడని.

అద్దాయి లేచి తిరుగుతున్నాడు. గీతలు ఉన్నాయి. కోకో కొమ్మలు గీసుకున్నాయన్నాడు. కొమ్మలు గీసుకోని కోకో రైతు ఎవడు?

కలం ఆగిపోయిందని రాశావు. ఎందుకు ఆగిందో నేను అడగను. ఒక్క మాట విను. నీ కంటికి ఏది కనబడిందో అదే రాయి. దొంగ రాతలు రాయించడానికి నేను నిన్ను చదివించలేదు. ఎవరి మొహమూ చూడకు, నా మొహం కూడా.

మీ అమ్మ ఆశీస్సులు చెప్పమంది.

నీ మేనమామ,
అటకోరా


కుమాసి,
22 ఫిబ్రవరి

మామయ్యకు,

మీ ఉత్తరం చదివి చాలాసేపు ఏడ్చాను. ఒక పదం మార్చమంటారని, అక్కడ "నీళ్ళలో మునిగి" అని రాయమంటారని ఎదురుచూశాను. మీకు ఏం జవాబివ్వాలో కూడా మనసులో రాసి పెట్టుకున్నాను, చాలా కటువుగా. మిమ్మల్ని తప్పుగా అనుకున్నాను మామయ్యా. పుట్టి బుద్ధెరిగాక నాకు తెలిసిన పెద్దమనిషి మీరొక్కరే.

కలం ఎక్కడ ఆగిందో ఇప్పుడు చెప్పగలను. ఎదురుగా నిలబడి మెడ పిసికితే, ఎడమ చేతి వేళ్ళు చచ్చినవాడి మెడకు కుడిపక్కన పడతాయి. నాలుగు మచ్చలు ఉండాలి. మూడే ఉన్నాయి. చూపుడువేలు ఉంది, ఉంగరం వేలు ఉంది, చిటికెన వేలు ఉంది. నడుమ ఖాళీ.

అద్దాయి నడిమివేలు తెగిన రోజు మీరు ఊళ్ళో లేరు. తోటలో నాన్నతో కాయలు కొడుతున్నాం. వాడు ఎడమ చేత్తో కాయ పట్టుకుని కుడిచేత్తో కత్తి వేశాడు. కాయతో పాటు వేలూ పోయింది. నా పైగుడ్డ చింపి ఆ చెయ్యి కట్టి ఊరిదాకా పట్టుకుని నడిచింది నేనే. ఆ చెయ్యి ఎలా ఉంటుందో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు.

ఎందుకు చేశాడో కూడా తెలుసు. నాన్న పోయేముందు ఆ తోటను నలుగురి ముందూ బాఫోకే ఇచ్చాడు. "అద్దాయికి మేనమామ ఆస్తి ఉంది, వీడికి ఎవరున్నారు?" అన్నాడు. ఆ మాట అద్దాయికి పుండై కూర్చుంది. నా వేలు తిన్న తోట వాడికిచ్చాడు అని ఎన్నిసార్లు అన్నాడో.

చూసింది చూసినట్టు రాశాను. నిన్న ఇన్‌స్పెక్టర్ దగ్గరికి వెళ్ళి, ఇలాంటి చెయ్యి నా తమ్ముడికి ఉందని నా నోటితో చెప్పాను. ఇద్రిసును వదిలేస్తామన్నారు. అమ్మ కాలు విరిగినప్పుడు తోట నుంచి భుజాన మోసుకొచ్చింది ఇద్రిసే. నేను చేసిన పని అమ్మకు మీరే చెప్పండి. ఎలా చెప్పాలో నాకు తెలియడం లేదు. నా తమ్ముణ్ణి నేనే పట్టిచ్చాను. అన్నం సయించడం లేదు.

మీ బిరాగో


బిపోసో,
4 మార్చి

బిరాగో,

అద్దాయిని తీసుకెళ్ళారు. పొద్దున్నే, ఊరంతా చూస్తుండగా. మీ అమ్మ జీపు వెనకాల పరిగెత్తి పడిపోయింది. మళ్ళీ ఆ కాలే. ఇద్రిసు అప్పటికే ఊరికి తిరిగొచ్చాడు. మీ అమ్మను లేపబోతే ఆమె వాడి చెయ్యి విదిల్చి కొట్టింది.

నీ ఉత్తరం చదివి వినిపించమంది. చదివాను. ఏదీ దాటెయ్యలేదు. విన్నాక, "వాడికి కట్టు కట్టిన చెయ్యే కదా, ఇప్పుడు నరుకుతోంది" అంది. ఆ తర్వాత నీ పేరు ఎత్తడం లేదు. నేనూ ఆమె ముందు ఎత్తడం మానేశాను.

నాకు నీ మీద కోపం లేదు. అక్రా నుంచి లాయరును పెట్టాను. కోర్టుకు రా. అడిగిన దానికి నిజం చెప్పు. అడగనిది చెప్పకు. నువ్వు పెట్టే మనిషివి కావు గానీ, పెదాలకు రంగూ అదీ పెట్టుకుని రాకు. ఊళ్ళో ఆడవాళ్ళు చూస్తారు.

అటకోరా


కుమాసి,
20 ఏప్రిల్

మామయ్యకు,

మీరు మొదటి బెంచీలో కూర్చున్నారు. నేను చెప్పింది మీరు విన్నారు. అయినా రాస్తున్నాను, ఎందుకంటే ఆ గదిలో ఏం జరిగిందో నాకే ఇంకా అర్థం కాలేదు.

లాయరు మచ్చల గురించి ఒక్క ప్రశ్న వెయ్యలేదు. ఎముక గురించి అడగలేదు. నేను మూడు వారాలుగా చదువుకుని వచ్చినవాటిలో ఒక్కటీ ఆయనకు అక్కర్లేకపోయింది. అద్దాల మీది దుమ్ము తుడుచుకుంటూ, ఊసుపోక అడిగినట్టు అడిగాడు.

"డాక్టరుగారూ, మీ నాన్నగారి పేరేంటండీ?"

చెప్పాను.

"చనిపోయినాయన నాన్నగారి పేరో?"

అప్పుడు అర్థమైంది. అదే పేరు చెప్పాను. గదిలో ఎవరో గొంతు సవరించుకున్నారు.

"మరి చుట్టం కాడన్నారే?"

"మా ఆచారంలో తండ్రి బిడ్డలు ఒక వంశం కారు" అన్నాను.

"ఆచారం కాదమ్మా, కోర్టు అడిగింది నెత్తురు సంగతి. ఒకే తండ్రి బిడ్డ మీ చేతి కింద ఉంటే దాచిపెట్టి కోశారా, లేదా?"

మేజిస్ట్రేటుది ఉత్తరాది. వాళ్ళలో బిడ్డలు తండ్రి వంశం. ఆయన నావైపు చూసిన చూపు చచ్చేదాకా మరిచిపోను. అబద్ధాలకోరును చూసినట్టు చూశారు. రిపోర్టు చెల్లదన్నారు. ఆధారం లేదని అద్దాయిని వదిలేశారు. నిర్దోషి అనలేదు, వదిలేశారు, అంతే. మెట్ల దగ్గర వాడు నన్ను దాటుకుంటూ పోయాడు. ఎడమ చెయ్యి జేబులో పెట్టుకున్నాడు.

ఆసుపత్రిలో నన్ను సంజాయిషీ అడిగారు. ఈ ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలియదు. అది పోనివ్వండి. ఒక్కటి తెలుసుకోవాలి. మా పేర్లు కలవవు. అక్రా లాయరుకు మా నాన్న ఎవరో, బాఫో నాన్న ఎవరో ఎవరు చెప్పారు? అడ్వొవా మాను వంశంలో ఎవరైనా నోరు జారారా?

బిరాగో


బిపోసో,
27 ఏప్రిల్

నా తల్లీ బిరాగో,

ఎవరూ నోరు జారలేదు. నేనే చెప్పాను.

ఇప్పుడు చెబితే నీకు కోపం వస్తుంది. తర్వాత తగ్గుతుంది. నా కోపాలన్నీ తగ్గాయి, నీదీ తగ్గుతుంది. ఆ ఆదివారం పొద్దుగూకే వేళ అద్దాయి వచ్చి నా కాళ్ళ మీద పడ్డాడు. "ఏం చేశావురా?" అంటే చేతులు చూపించాడు. మూడు రోజులు ఆలోచించాను. శవం కుమాసికి పోతుంది. అక్రా నుంచి వచ్చే డాక్టరు లార్తె చూస్తే, ఆయన రాతను కదిలించే మొనగాడు ఈ దేశంలో లేడని నువ్వే అనేదానివి. నువ్వు చూస్తే ఒక్క ప్రశ్నతో పడిపోతుంది. అందుకే నిన్నే చూడమన్నాను.

నువ్వు అబద్ధం రాయవని నాకు తెలుసు. రాయమంటే ఎదురు తిరుగుతావనీ తెలుసు. ఆ తల బిరుసు నాదే. అందుకే నిజమే రాయమన్నాను. నువ్వు రాశావు. నీ నిజం నీ దగ్గర ఉంది, నా పిల్లాడు నా దగ్గర ఉన్నాడు. ఇందులో ఎవరికి నష్టం చెప్పు? పాము చావకూడదు, కర్రా విరగకూడదు అంటే ఇదే.

వంశపెద్ద ఎవరిది తప్పని అడగడు. ఎవరు మనవాళ్ళని అడుగుతాడు. నా పీట మీద కూర్చోవడానికి ఇంకెవరున్నారు? బాఫో మంచి కుర్రాడే. పోయాడు. ఇంకొకణ్ణి ఉరి తీస్తే లేచి వస్తాడా?

ఇద్రిసును మళ్ళీ తీసుకెళ్ళారు. ఎటూ ఒప్పుకున్నాడుగా. ఎక్కడో ఉత్తరాన వాడి ఊరు, ఇక్కడ వాడి కోసం ఏడ్చేవాళ్ళు లేరు. ఈ మాట నీకు రుచించదని తెలుసు, అయినా ఉన్న మాట.

మీ అమ్మ నీ పేరు ఎత్తింది. "పిల్ల ఎప్పుడొస్తుంది?" అంది. రెండు నెలల తర్వాత మొదటిసారి. అద్దాయి కూడా మాట్లాడతాడు, నేను చెబుతాను. రాజీకి ఒక గొర్రెను కోసి, దాని నెత్తుటితో కాళ్ళు కడుక్కుని, ఒకే గిన్నెలో తినేద్దాం. ఉద్యోగం పోతే పోనీ, ఇక్కడ ఆసుపత్రి పెడదాం. వచ్చెయ్. నువ్వు చెయ్యాల్సింది ఇంకేమీ లేదు. ఊరుకుంటే చాలు.

నీ మేనమామ,
అటకోరా


కుమాసి,
6 మే

అటకోరాగారికి,

మీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. ప్రతిసారీ "పిల్ల ఎప్పుడొస్తుంది" దగ్గరే ఆగిపోయాను. అమ్మ నిజంగా అందో, మీరు కలిపి చదివారో కూడా ఇప్పుడు నాకు నమ్మకం లేదు. మీ చేతిరాతను చూస్తే ఇంటికొచ్చినట్టు ఉండేది. దాన్ని కూడా చెడగొట్టారు.

నన్ను అబద్ధం ఆడమని ఉంటే బాగుండేది. ఎదురు తిరిగి, పోట్లాడి, ఓడిపోయి ఉండేదాన్ని. మీరు నా నిజాన్నే తీసుకుని, వాడేసిన కత్తిలా కడిగి లోపల పెట్టుకున్నారు. పెద్దమనిషని రాశాను చూడండి, ఆ ఉత్తరం మీ దగ్గరుంటే చింపెయ్యండి.

ఊరుకుంటే చాలన్నారు. నిజమే. ఊరుకుంటే అమ్మ ఉంది, ఇల్లు ఉంది, తమ్ముడు ఉన్నాడు. మొన్న ఇద్రిసును చూడ్డానికి జైలుకు వెళ్ళాను. "మీ అమ్మ కాలు నయమైందా?" అని అడిగాడు. తెచ్చిన రొట్టె కటకటాల్లోంచి అందించి వచ్చేశాను. తిరిగొచ్చే దారిలో ట్రోట్రోలో పక్కన ఎవరో పసిపిల్లను నా ఒళ్ళో కూర్చోబెట్టి నిద్రపోయారు. ఆ పిల్లను పట్టుకుని ఊరు వచ్చేదాకా అద్దాయి గురించే ఏడ్చాను. వాడి చెయ్యి కట్టినప్పుడు వాడికి తొమ్మిదేళ్ళు. అక్కా, నొప్పి లేదు అన్నాడు నన్ను ఓదార్చడానికి. ఉరితాడంటే ఏమిటో నాకు మీకంటే బాగా తెలుసు. ఉరికి విరిగిన మెడలు చూశాను.

ఇప్పుడు మీరు తెలుసుకోవాల్సింది చెబుతాను. అంత్యక్రియల రోజు శవానికి గడ్డం దాకా గుడ్డ చుట్టారని, వాడికి చలేస్తోందా అని వేళాకోళం చేశారు. అడ్వొవా మానును నేనేదో అడిగానని మందలించారు కూడా. నేనామెను అడిగింది మెడే. ఆ మూడు మచ్చలు చూశాక, వాటిని నేను ఒక్కదాన్నే చూస్తే చాలదని నాకు భయమేసింది. కోర్టులో ఇలా అవుతుందని కాదు. నా కళ్ళ మీద నాకే నమ్మకం లేకపోయింది, అద్దాయి చెయ్యి కాబట్టి. మచ్చలున్న చర్మాన్ని, విరిగిన ఎముకను సీసాలో మందులో పెట్టి ఉంచుకుంటానన్నాను. మన దగ్గర బిడ్డ మట్టిలోకి నిండుగా పోకపోతే తల్లికి ఎలా ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు. ఆమె తల ఊపింది. వాడికి గుడ్డ తన చేత్తోనే చుట్టింది. మీరు సారా పోసి మంచి మాటలు చెబుతుంటే ఆమె దాన్నే కాపలా కాసింది.

నా రాత చెల్లదన్నారు. సీసా చెల్లదని ఎవరూ అనలేదు. నిన్న దాన్ని తీసుకుని అక్రా వెళ్ళాను. మేజిస్ట్రేటు అనుమతి కాగితం ముందే తీసుకున్నాను. ఆయన ఈసారి నన్ను అబద్ధాలకోరులా చూడలేదు. డాక్టరు లార్తెకు నేనేమీ చెప్పలేదు, సీసా బల్ల మీద పెట్టి బయటికి వచ్చి కూర్చున్నాను. చాలాసేపటికి ఆయన తలుపు తీసి, "నడిమివేలు లేని మనిషి ఎవరో వెతకమనండి" అన్నారు. ఆయనకు బిపోసోలో చుట్టాలు లేరు. అడగడానికి మీ లాయరు దగ్గర ప్రశ్న లేదు.

గొర్రెను కొయ్యకండి. నాకు వంశంలో చోటు ఉండదని తెలుసు. చస్తే పూడ్చడానికి మీరెవరూ రారని కూడా తెలుసు. అడ్వొవా మాను వస్తానంది. నేనడగలేదు.

ఈ ఉత్తరాన్ని అమ్మకు చదివి వినిపించండి. ఒక్క మాట కూడా దాటెయ్యకండి. అద్దాయి పక్కన ఉంటే వాడినీ వినమనండి. పోలీసులు వచ్చేలోపు వాడు ఒకసారి అమ్మ చేతి ముద్ద తినాలి.

మా నాన్న కూతురు,
బాఫో అక్క,
బిరాగో